అయ్యగారి చదువు ఖర్చు ఎవరిది?

(శతవార్షికోత్సవముల సందర్భముగా సంఘ ప్రతినిధుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉత్సవములలో గుడులను గూర్చి, బడులను గూర్చి, ఆసుపత్రులను గూర్చి పెద్దలు ఎంతో చక్కగా మాట్లాడినారు. మాకు ఇచ్చిన అంశము గురువుల తర్ఫీదు. ఈ అంశము మీద మాట్లాడువారు సాధారణముగా దైవపిలుపును గూర్చి, సమర్పణను గూర్చి చెప్పుదురు. అవి మూలము, కాదనువారము కాము. అయితే ఈ పూట మేము వేదాంత కళాశాల ఫీజులను గూర్చి, ప్రవేశములను గూర్చి, పట్టాలను గూర్చి మాట్లాడదలచినాము. పండుగపూట డబ్బు మాటలేమిటని ఎవరును అనుకొనవద్దు. గోపురము మొదలుపెట్టి, డబ్బు చాలక మధ్యలో ఆపి, ఊరివారి నవ్వులపాలైన మనిషిని గూర్చి మన ప్రభువే చెప్పియున్నాడు. లెక్క చూచుకొనుట అవిశ్వాసము కాదు.

మన పాస్టరేట్ల నుండి బిషపుగారి ఆఫీసుకు చేరు అర్జీలలో తరచుగా కనబడు మాట ఒకటి ఉన్నది: మా సంఘమునకు బాగా చదువుకున్న అయ్యగారిని పంపించండి. న్యాయమైన కోరికే. పిల్లలు నర్సులు, టీచర్లు, ఇంజినీర్లు అవుచున్న సంఘములో అయ్యగారును చదువుకున్నవారై ఉండవలసినదే. అయితే ఆ అయ్యగారు ఎక్కడ చదివినారు, ఎన్నేండ్లు చదివినారు, ఆ చదువుకు ఎవరు డబ్బు పెట్టినారు అని అర్జీ మీద సంతకము పెట్టినవారిలో ఎందరము ఆలోచించినాము? బుద్ధిమంతురాలైన కోడలు కావలెను గాని, ఆ పిల్లను పెంచు ఖర్చు ఎవరిదో మనకు పట్టదన్నట్లున్నది మన సంగతి.

ముందు తరములవారు ఎట్లు భరించినారు?

మన దేశములో ప్రొటెస్టంటు వేదాంత విద్యను గూర్చి మాట్లాడునప్పుడు బెంగాలులోని సెరంపూరును తలచుకొనక తప్పదు. 1818లో విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డు అను ముగ్గురు అక్కడ కళాశాలను స్థాపించినారు. కేరీ చెప్పులు కుట్టు పని నేర్చినవాడు. విశ్వవిద్యాలయపు గడప తొక్కినవాడు కాడు. స్వయముగా భాషలు నేర్చి, కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో బోధకుడయ్యెను. మన తెలుగు భాషకు సైతము 1814లో ఇంగ్లీషున ఒక వ్యాకరణము అచ్చువేయించెను. ఆ ఉద్యోగములో వచ్చిన జీతములో తన సంసారమునకు కొద్దిగా ఉంచుకొని, మిగిలినది మిషను ఉమ్మడి నిధిలో వేసెడివాడు. అనగా ఆ కళాశాల వెనుక బోధకులే త్యాగము చేసిన సొమ్ము ఉన్నది.

తరువాత మన తెలుగు నేలకు వత్తము. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషపుగా డోర్నకలు బాధ్యత స్వీకరించినారు. కూలిపనికి వెళ్లు విశ్వాసులున్న పల్లె సంఘములు సైతము తమ ఉపదేశులను, గురువులను తామే పోషించుకొనవలెనని ఆయన పట్టుదలగా బోధించినారు. క్రైస్తవులు ఇచ్చుటను గూర్చి ఒక పుస్తకమే వ్రాసినారు. మన తల్లులు అన్నము వండునప్పుడు కుండలో పోయబోవు బియ్యములో నుండి పిడికెడు తీసి ప్రక్కన ఉంచిన వాడుక మనలో పెద్దలకు తెలియనిది కాదు. ఆ పిడికిళ్లతో ఎందరో గురువుల సంసారములు జరిగినవి.

ఇక 1964వ సంవత్సరము. అప్పటివరకు మన రాష్ట్రములో ఒక్కొక్క సంఘమునకు ఒక్కొక్క చిన్న వేదాంత పాఠశాల ఉండెడిది. లూథరనులకు రాజమండ్రిలో లూథర్‌గిరి, బాప్టిస్టులకు కాకినాడలో ఒకటి, రామాయపట్నములో ఒకటి, మనవారికి డోర్నకలులో ఒకటి. ఈ నాలుగును కలిసి 1964లో రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలగా ఏర్పడినవి. 1973లో ఆ కళాశాల హైదరాబాదుకు తరలివచ్చినది. బాప్తిస్మమును గూర్చి, సంఘ పరిపాలనను గూర్చి భేదాభిప్రాయములున్నవారు ఒక్క కప్పు క్రింద కూర్చుండుటలో ఐక్యతా వాంఛ ఉన్నది, సందేహము లేదు. దానితోపాటు ఒక లెక్క కూడ ఉన్నది. నాలుగు చోట్ల నాలుగు గ్రంథాలయములు, నాలుగు వంటశాలలు, నలుగురు ప్రిన్సిపాళ్లు ఉండుటకంటె ఒక్కచోట మంచిది ఒకటి ఉండుట మేలు. ఆ పెద్దలు కూర్చుండి ఖర్చు లెక్క చూచినవారు.

చిన్న కళాశాలకు పెద్ద ఖర్చు

వేదాంత కళాశాలలో వందమందో, నూట యాభైమందో ఉందురు. అంత చిన్న సంస్థకు అంత ఖర్చు ఎందుకు అని మమ్ములను అడిగిన పెద్దలున్నారు. కళాశాల చిన్నదగుటవలననే ఒక్కొక్క విద్యార్థి మీద ఖర్చు పెరుగును. ఎట్లనగా, పాత నిబంధనకు ఒకరు, క్రొత్త నిబంధనకు ఒకరు, సంఘ చరిత్రకు ఒకరు, క్రైస్తవ సిద్ధాంతమునకు ఒకరు, నీతిశాస్త్రమునకు ఒకరు, ఇతర మతముల అధ్యయనమునకు ఒకరు, ప్రసంగమునకును ఆరాధనకును ఒకరు, కాపరి పరామర్శకు ఒకరు, ఇట్లు తక్కువలో తక్కువ ఎనిమిదిమంది అధ్యాపకులు కావలెననుకొందము. విద్యార్థులు నలుబదిమంది ఉన్నను ఎనిమిదిమందే కావలెను. నూట అరువదిమంది ఉన్నను ఎనిమిదిమందితో ఎట్లో జరుగును. మొదటి చోట ఐదుగురు విద్యార్థుల మీద ఒక జీతము పడును. రెండవ చోట ఇరువదిమంది మీద పడును. హెబ్రీ తరగతిలో నలుగురే ఉన్నారని బోధకునికి పావు జీతము ఇయ్యలేము గదా!

దీనిపైన గ్రంథాలయము. వేదాంత పుస్తకములు కొద్దిమంది కొనునవి గనుక వాటి వెల ఎక్కువ. దీనిపైన హాస్టలు, మెస్సు, పెండ్లియైన విద్యార్థులకు ఇండ్లు. శని, ఆదివారములలో సంఘ సేవకు వెళ్లుటకు బస్సు చార్జీలు. పరీక్ష ఫీజులు. విద్యార్థి కట్టు ఫీజు ఇందులో ఒక భాగమే. తక్కిన భాగమును ఎవరో ఒకరు పూరించుచుండుటవలననే కళాశాల తలుపులు తెరచియున్నవి.

ఆ ఎవరో ఒకరు పూర్వము విదేశ మిషను బోర్డులు. మిషనరీలు వెళ్లిన తరువాత ఆ సహాయము క్రమముగా తగ్గినది. చట్టములును మారినవి. విదేశీ విరాళముల నియంత్రణ చట్టము 2010లో వచ్చినది. 2020లో దానిని సవరించినారు. ఆ సవరణ ప్రకారము విదేశీ విరాళము అందుకొన్న సంస్థ దానిని మరియొక సంస్థకు బదిలీ చేయరాదు. పరిపాలన ఖర్చులకు ఇరువది శాతమునకు మించి వాడరాదు. అనగా మన అధ్యక్ష మండలమునకు ఏదేని విదేశ సహాయము వచ్చినను, అందులో నుండి కొంత తీసి కళాశాలకు పంపు పూర్వపు పద్ధతి ఇక చెల్లదు. చట్టమును గూర్చి సణుగుట మా ఉద్దేశము కాదు. దూరపు బావి నీరు తగ్గినప్పుడు మన పెరటిలో త్రవ్వుకొనవలెనని చెప్పుటయే మా ఉద్దేశము.

పెరటిలో త్రవ్వుకొననిచో కళాశాల ఎదుట మూడు త్రోవలే మిగులును. ఫీజు పెంచుట ఒకటి. అధ్యాపకులను, పుస్తకములను తగ్గించుట రెండవది. డబ్బు కట్టగలిగిన ప్రతివానిని చేర్చుకొనుట మూడవది. మొదటి త్రోవలో బీదవాడు బయట ఉండును. రెండవ త్రోవలో చదువు పలుచబడును. మూడవ త్రోవలో పిలుపు లేనివాడు లోపలికి వచ్చును. మూడింటి ఫలితమును చివరకు అనుభవించునది పల్లెలో చాప పరచుకొని కూర్చున్న మన సంఘమే.

ప్రవేశము: తలుపు దగ్గర ఎవరున్నారు?

వేదాంత కళాశాలలో చేరువారు రెండు విధములు. సంఘము పంపగా వచ్చువారు కొందరు. స్వంతముగా చేరువారు కొందరు. సంఘము పంపువానికి సంఘకాపరి సిఫారసు ఉండును, పాస్టరేటు కమిటీ తీర్మానము ఉండును, అధ్యక్ష మండలములో ఇంటర్వ్యూ ఉండును, బిషపుగారి ఉత్తరము ఉండును. అటుతరువాత కళాశాలవారి ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ. స్వంతముగా చేరువారిలో యథార్థమైన పిలుపు గలవారు లేరని మేము అనము, ఉన్నారు. అయితే చదువు ముగిసిన తరువాత వారిని ఏ సంఘము స్వీకరించునో వారికే తెలియదు.

సంఘము పంపినవాడే అయినను, ఉత్తరము ఇచ్చి పంపుట వేరు, ఖర్చు భరించి పంపుట వేరు. సిఫారసు ఉత్తరమునకు మనకు అయిన ఖర్చు ఒక కాగితము. ఆ కాగితము పట్టుకొని వెళ్లిన అబ్బాయి తండ్రి ఫీజు కొరకు వడ్డీ వ్యాపారి యొద్దకు వెళ్లుచున్నాడా, తల్లి పుస్తెలు తాకట్టు పెట్టుచున్నదా అని మరల ఎవరును విచారింపరు. నాలుగేండ్లు గడచును. అబ్బాయి అయ్యగారై వచ్చును. అప్పును వెంట వచ్చును. అప్పుతో వచ్చిన కాపరి కన్ను మొదట అప్పు మీద పడును, తరువాతనే మంద మీద పడును. ఏ పాస్టరేటులో కానుకలు ఎక్కువ, ఏ ఊరిలో ఉద్యోగస్థులు ఎక్కువ అని అతడు విచారించినచో మనము గుసగుసలాడుదుము. ఆ ప్రశ్న అతని నోట పెట్టినది మనమే గదా! చదువు ఖర్చు ఎవరు భరించిరో వారి వైపే ఆ చదువు తిరుగును. సంఘము భరించిన చదువు సంఘము వైపు తిరుగును. వడ్డీకి తెచ్చిన చదువు వడ్డీ వైపు తిరుగును.

రెండవ రాజుల గ్రంథములో ఎలీషా యొద్ద నివసించిన ప్రవక్తల శిష్యుల సంగతి మీకు తెలియును. చోటు చాలక వారు యొర్దాను ఒడ్డున మ్రానులు నరుకుచుండగా ఒకని గొడ్డలి ఊడి నీళ్లలో పడెను. అతడు విలపించినది గొడ్డలి పోయినందుకు మాత్రమే కాదు. అది ఎరువు తెచ్చినదైనందుకు. వేదాంత విద్యార్థి చేతిలో ఎరువు గొడ్డలి ఉండుట ఆనాటి నుండి ఉన్నది. ఆ దినమున ఎలీషా దానిని తేల్చెను. ఈ దినమున మన అబ్బాయి గొడ్డలిని తేల్చవలసినది మనము.

ఆడపిల్లలను గూర్చి ప్రత్యేకముగా ఒక మాట. 2013లో ఇ. పుష్పలలితగారు నంద్యాల అధ్యక్ష మండలమునకు బిషపుగా అభిషేకము పొంది, దక్షిణ ఇండియా సంఘములో ఆ బాధ్యతకు వచ్చిన మొదటి స్త్రీ అయినారు. మన తెలుగు నేలకు దక్కిన గౌరవమది. అయినను మన ఇండ్లలో ఒక అమ్మాయి వేదాంతము చదివెదనని చెప్పినచో, ఆ డబ్బుతో పెండ్లి చేయవచ్చును గదా అను మాట మొదట వచ్చును. ఉన్న కొద్ది డబ్బు అబ్బాయికి పోవును. సంఘమే ఖర్చు భరించునని తెలిసినచో ఆ తండ్రి నోట ఆ మాట వచ్చుట తగ్గును. కాబట్టి మనము ఏర్పరచు ఏ సహాయమునందైనను అమ్మాయిలకు భాగము వ్రాసియుంచవలెను.

పట్టా అనగా ఏమిటి?

1827లో డెన్మార్కు రాజు ఆరవ ఫ్రెడరిక్ సెరంపూరు కళాశాలకు పట్టాలిచ్చు అధికారము దయచేసినాడు. అప్పటికి ఆ పట్టణము డేనిషువారి ఏలుబడిలో ఉండెను. 1845లో వారు దానిని ఇంగ్లీషువారికి అమ్మినను ఆ హక్కును కాపాడినారు. తొలి బి.డి. పట్టాలు 1915లో ఇయ్యబడినవి. 1918లో బెంగాలు శాసనసభ చేసిన సెరంపూరు కళాశాల చట్టము వలన సెనేటు ఏర్పడి, దేశములోని ఇతర వేదాంత కళాశాలలను తనతో కలుపుకొను వీలు కలిగినది. హైదరాబాదులో చదివిన అయ్యగారి పట్టా మీద బెంగాలులోని సెరంపూరు పేరు ఉండుటకు కారణమిదే. పాఠము చెప్పువారు ఒకరు. పాఠ్యక్రమము నిర్ణయించి, పరీక్షించి, పట్టా ఇచ్చువారు మరియొకరు. తన పిల్లవానికి తానే మార్కులు వేసికొను పద్ధతి కాదు గనుకనే దానికి విలువ. ఇదిగాక 1970లో ఏర్పడిన ఏషియా థియొలాజికల్ అసోసియేషను అను సంస్థ కూడ అనేక బైబిలు కళాశాలలను పరిశీలించి గుర్తింపు ఇచ్చుచున్నది.

మరి ఈ మధ్య మన పట్టణములలో కనబడు డాక్టరేట్ల సంగతి ఏమిటి? ఒక హాలు అద్దెకు తీసికొందురు. నల్ల గౌను, టోపీ అక్కడే ఇత్తురు. రుసుము కట్టినవానికి సాయంత్రమునకు పేరు ముందు డాక్టరు చేరును; మరునాడు ఊరిలో ఫ్లెక్సీ లేచును. మన దేశ చట్టములో, అనగా 1956 నాటి యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషను చట్టము 22వ సెక్షనులో, డిగ్రీలు ఇచ్చు హక్కు ఎవరికి ఉన్నదో స్పష్టముగా వ్రాయబడియున్నది. డబ్బు వసూలు చేసి గౌను తొడిగిన ప్రతివారికిని ఆ హక్కు లేదు.

గౌరవ పట్టాలన్నియు చెడ్డవని కాదు. కాలేజీ మెట్లెక్కని కేరీకి 1807లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయము డాక్టర్ ఆఫ్ డివినిటీ ఇచ్చినది. అజరయ్యగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివియు, అనారోగ్యము వలన పరీక్ష పూర్తి చేయలేక బి.ఏ. పట్టా లేకనే బయటికి వచ్చినవారు. అటువంటి వారికి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ పట్టా ఇచ్చినది. పని ముందు, పట్టా వెనుక. వారు దానిని వెదుకుచు పోలేదు. అది వారిని వెదుకుచు వచ్చినది. మరియొక సంగతి గమనించండి. పట్టా లేని ఈ ఇద్దరును చదువు అనవసరమని చెప్పలేదు. ఒకరు కళాశాల కట్టినారు. మరియొకరు పల్లె గురువుల తర్ఫీదు కొరకు పాటుపడినారు.

కాబట్టి మీ ఇంటి పిల్లవాడు గాని పిల్ల గాని ఏదేని బైబిలు కళాశాలలో చేరదలచినచో, డబ్బు కట్టకముందు ఈ ఐదు ప్రశ్నలు అడుగుడి. పట్టా ఇచ్చువారు ఎవరు, ఆ అధికారము వారికి ఎక్కడ నుండి వచ్చినది? ఆ పట్టాను మన అధ్యక్ష మండలము గురుసేవకు అంగీకరించునా? కోర్సు ఎన్నేండ్లు, అధ్యాపకులు ఎవరు, వారు ఏమి చదివినారు? ఫీజులో ఏమేమి చేరియున్నవి: మెస్సు, పరీక్ష, పుస్తకములు? రసీదు ఇత్తురా? ఈ ప్రశ్నలకు కోపపడు కళాశాలలో చేర్పించకుడి.

మన వంతు

ఇప్పుడు లెక్కకు వత్తము. ఒక పాస్టరేటులో 150 కుటుంబములున్నవనుకొందము. కుటుంబమునకు రోజుకు ఒక్క రూపాయి. సంవత్సరమునకు 365 రూపాయలు. 150 కుటుంబములకు 54,750 రూపాయలు. అటువంటి పాస్టరేట్లు నాలుగు కలిసినచో 2,19,000 రూపాయలు. రూపాయి ఈ దినములలో టీ కప్పునకు చాలదు. అయినను నాలుగు పాస్టరేట్లు పూనుకొన్నచో ఒక విద్యార్థి చదువులో ఎంత భారము తగ్గునో మీరే ఊహించుకొనుడి. మేము చదివిన రోజులలో మా పాస్టరేటు స్త్రీల మైత్రివారు పంట ఇంటికి రాగానే బియ్యపు బస్తాలు కళాశాల మెస్సుకు పంపెడివారు. ఆ అన్నము తిన్నవారమగుటచేత, ఏ పల్లె నుండి పిలుపు వచ్చినను కాదను ధైర్యము మాకు ఎన్నడును కలుగలేదు.

ఈ సభ ఎదుట మా మనవులు నాలుగు.

మొదటిది, తీర్మానము చేసి అభ్యర్థిని పంపు ప్రతి పాస్టరేటు కమిటీ ఆ తీర్మానములోనే తాను భరించు మొత్తమును కూడ వ్రాయవలెను. పెద్దదో చిన్నదో, అంకె ఉండవలెను.

రెండవది, సంవత్సరములో ఒక ఆదివారపు కానుకయు, కోత పండుగ వేలములో ఒక భాగమును వేదాంత విద్యకు ప్రత్యేకింపవలెను. ఆ డబ్బు వేరొక ఖర్చుకు మళ్లింపరాదు. లెక్కను కోశాధికారి ఆరాధనలో చదివి వినిపింపవలెను. లెక్క వినిన సంఘము మరల ఇచ్చును.

మూడవది, సహాయము పొందినవారు చదువు తరువాత బిషపుగారు పంపిన పల్లెలో కొన్ని ఏండ్లు సేవ చేయుటకు వ్రాతపూర్వకముగా అంగీకరింపవలెను. పుచ్చుకొనుటకును తిరిగి ఇచ్చుటకును నియమము ఉండుట ఇద్దరికిని మర్యాద.

నాలుగవది, విద్యార్థిని నాలుగేండ్లు మరచిపోకూడదు. సెలవులకు వచ్చినప్పుడు వాక్యము చెప్పించవలెను. ఏడాదికి ఒకసారి ఇద్దరు పెద్దలు కళాశాలకు వెళ్లి, మెస్సులో కూర్చుండి భోజనము చేసి, ప్రిన్సిపాలుగారితో మాట్లాడి రావలెను.

ఒక ఆక్షేపణ వినబడుచున్నది: మేము చదివించిన అబ్బాయి మా ఊరికే రాడు గదా, మరియొక ఊరికి వేయుదురు గదా! నిజమే. అయితే ఇప్పుడు మీ ఊరిలో ఉన్న అయ్యగారు ఎవరి బియ్యము తిని చదివినారు? ముఖము తెలియని ఏదో ఊరి తల్లులు ఆయనను పోషించి మీకు పంపినారు. మీరు పోషించినవాడు మరియొక ఊరికి పోవుట ఆ బాకీ తీర్చుటయే. సంఘము ఒక శరీరమను మాటకు లెక్కల పుస్తకములో అర్థమిదే.

ఈ నూరేండ్లలో మనకు గురువులను కన్నది పల్లెలే. రాబోవు నూరేండ్లలో బీదవాని కుమారుడును, కూలివాని కుమార్తెయు వేదాంత కళాశాల తలుపు దగ్గర నిలిచినప్పుడు, నీ వెనుక ఎవరున్నారని వారిని అడుగుదురు. నా సంఘమున్నదని వారు తలెత్తి చెప్పునట్లు దేవుడు మన చేతులను తెరచును గాక. ఆమేన్.